నీడను నువ్వు గీయకు

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ప్లైవుడ్ మీద నువ్వు ఉబ్బెత్తుగా లేపిన బతుకమ్మ ఫొటో చూశాను. తంగేడు పూల వరుసలను తాకి చూడాలనిపించేంత ఎత్తుగా తీర్చి, మళ్ళీ ఒక్కొక్క వరుస కింద నల్లరంగుతో నీడ ఎందుకు గీశావు? కిటికీ వెలుతురు కుడివైపు నుంచి వచ్చి అసలు నీడ ఎడమకు పడుతుంటే, నువ్వు గీసినది కుడికి పడింది. ఉబ్బెత్తుగా ఉన్నచోట నీడను వెలుతురుకే వదిలెయ్యి. కుంచెతో నీడ వేయవలసింది చదునుగా ఉన్నచోట మాత్రమే.

ఒకసారి పాలంపేట వెళ్ళి, 1213 నాటి రామప్ప గుడి దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చో. అక్కడి నల్లరాతి స్త్రీ శిల్పం మదనిక మెడలోని హారం ఆమె ఒంటి మీద వేసే సన్నని నీడ పూటపూటకూ జరుగుతూ ఉంటుంది. ఆ కదలికను ఏ రంగూ తేలేదు.

ఇక సరుకు మాట. చిత్రాన్నీ శిల్పాన్నీ కలపడం కొత్త పోకడ అంటారు గాని, చేర్యాలలో బొమ్మల పటాలు వేసే నకాషీలు చింతగింజల జిగురునే బట్ట మీద పూతకూ వాడతారు, రంపపు పొట్టుతో కలిపి బొమ్మలకూ వాడతారు. ఆ ముద్దను నేను మొదటిసారి ఒక బొమ్మ ముఖానికి బొటనవేలి మందాన ఒకేసారి పెట్టి, తొందరపడి ఎండలో ఉంచితే, మూడో రోజుకు ముక్కు దగ్గర మొదలైన పగులు గడ్డం దాకా దిగింది. పలుచని పొరలుగా వేసి, ఒకటి నీడలో పూర్తిగా ఆరాకనే మరొకటి పెట్టు. ప్లైవుడ్‌కు వెనుకవైపు కూడా పూత వెయ్యి, లేకుంటే వానాకాలంలో వంగిపోతుంది.

గోడకే వేలాడదీయాలన్న పట్టుదల కూడా వద్దు. అమెరికా చిత్రకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్ 1955లో మొదలుపెట్టిన 'మోనోగ్రామ్' అనే కళాకృతిలో, చచ్చిన అంగోరా మేక తోలులో కూర్పు నింపి చేసిన బొమ్మను మొదట గోడ మీది చిత్రానికే జతచేశాడు. అది కుదరక మార్చి మార్చి, చివరికి 1959లో చిత్రాన్నే నేల మీద పరిచి, నడుముకు టైరు తొడిగిన ఆ మేకను దాని మీద నిలబెట్టాడు. నీ బతుకమ్మ కూడా నేల మీద ఆడేదే కదా! ఆ ప్లైవుడ్ పలకను ఒకసారి నేల మీద పడుకోబెట్టి, చుట్టూ తిరిగి చూడు.

ఆ నల్లరంగు మీద పసుపు రంగు పూసి కప్పేసి, దీపం ఎడమవైపు పెట్టి ఒకటి, కుడివైపు పెట్టి ఒకటి ఫొటో తీసి పంపు.

మీ మామయ్య