జోరో, సాంజీల బలాబలాలు

ప్రశ్న: ‘వన్ పీస్’ మాంగాలో (జపాన్ బొమ్మల కథ) ఒకే ఓడదొంగల ముఠాకు చెందిన కత్తివీరుడు జోరో, వంటవాడు సాంజీలు ఎప్పుడూ పోటీ పడుతూనే ఉంటారు. ఒక దశలో సాంజీని పట్టిచ్చినవారికి బహుమతిగా అతని తలకు కట్టిన వెలే ఎక్కువగా ఉండేది కదా, మరి పోరాటంలో ఎవరు బలవంతులు?

జవాబు: ముఖాముఖి పోరులో జోరోదే పైచేయి అని నా నమ్మకం. అయితే దానికి గాని, దాన్ని కాదనడానికి గాని తలవెలను సాక్ష్యంగా తీసుకోకూడదు. 1997 నుంచి ఐచిరో ఓడా నడుపుతున్న ఈ కథలో ఆ వెల కట్టేది ప్రపంచ ప్రభుత్వం. ఒక మనిషి వల్ల తనకెంత ముప్పు ఉందన్నదే దానికి ప్రధానం. ప్రాచీన శాసనాలు చదవగలదన్న భయంతో తర్వాత వాళ్ల ముఠాలో చేరిన రాబిన్‌కు ఎనిమిదేళ్ల వయసులోనే 7.9 కోట్ల బెర్రీలు (ఆ లోకపు డబ్బు) కట్టిన ఆ ప్రభుత్వమే, ఎన్నో పోరాటాల్లో నిలిచిన ముఠా వైద్యుడు, దుప్పి రూపంలోని చాపర్‌ను పెంపుడు జంతువుగా భావించి 50 బెర్రీలతో సరిపెట్టింది. ఓడదొంగల నాయకురాలు బిగ్ మామ్ దీవి వ్యవహారం తర్వాత సాంజీ వెల 33 కోట్లకు చేరి జోరో 32 కోట్లను దాటింది. వానో దేశంలో జరిగిన యుద్ధం తర్వాత జోరోకు 111.1 కోట్లు, సాంజీకి 103.2 కోట్లు ప్రకటించారు. ఈ హెచ్చుతగ్గులను బట్టి బలాన్ని తేల్చలేము.

ఎవరు ఎవరిని ఓడించారన్నది అంతకంటే నమ్మదగిన కొలత. ప్రపంచ ప్రభుత్వపు దీవి ఎనిస్ లాబీలో జరిగిన పోరులో శత్రువుల బలాన్ని ‘డోరికీ’ అనే అంకెలలోనే చెప్పారు: జోరో ఓడించిన కాకు బలం 2200, సాంజీ ఓడించిన జాబ్రా బలం 2180. అంత స్వల్పమైన తేడా పెట్టడంలో, ఇద్దరినీ పక్కపక్కనే నిలుపుతూ జోరోను ఒక్క అడుగు ముందుంచాలన్న ఉద్దేశం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. వానోలోని ఒనిగాషిమా దీవి యుద్ధంలో, శత్రునాయకుడు కైడోకు కుడిభుజమైన కింగ్ జోరో వంతుకు, అతని తర్వాతివాడైన క్వీన్ సాంజీ వంతుకు రావడంలోనూ అదే వరుస సాగింది.

నా తీర్పుకు అసలు ఆధారం ఒనిగాషిమా కోట పైకప్పు మీద ఉంది. కైడో, అతనితో చేతులు కలిపిన బిగ్ మామ్ కలిసి ప్రయోగించిన దెబ్బను క్షణకాలమైనా కత్తులతో ఆపి, ఎముకలు విరిగిన ఒంటితోనే కైడో దేహంపై మచ్చ మిగిలేలా వేటు వేసినవాడు జోరో. ఆ తర్వాత కింగ్‌తో తలపడినప్పుడు, వీపున మంట వెలుగుతున్నంతసేపు అతని ఒళ్లు దుర్భేద్యమనీ, మంట ఆరితే వేగం పెరిగి రక్షణ తగ్గుతుందనీ పోరాడుతూనే పసిగట్టాడు. అతన్ని కేవలం మొండి బలం ఉన్నవాడిగా చూసేవారు ఈ ఘట్టాన్ని మళ్లీ చదవాలి.

సాంజీని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. వేగంలోనూ, గాలిలో నడవడంలోనూ, ఎదుటివారి కదలికను ముందే గ్రహించే ‘హకీ’ అనే మనోశక్తిలోనూ అతనే మేటి. నీటిలో పోరు పెడితే నేను అతని పక్షమే. వంటకు చేతులు కావాలని కాళ్లతోనే పోరాడడం, స్త్రీలను ఎన్నటికీ కొట్టకపోవడం అతను తనకు తాను పెట్టుకున్న హద్దులు. ఎనిస్ లాబీలో కాలిఫా అనే స్త్రీ చేతిలో ఓడిపోవడానికి ఆ రెండోదే కారణం కనుక, ఆ ఓటమిని అతని బలహీనతగా లెక్కించకూడదు. క్వీన్‌తో పోరులో శరీరం ఉక్కులా మారుతున్నప్పుడు, తన అన్నదమ్ముల్లా మనసు లేనివాడినవుతానేమోనన్న భయంతో, మరింత శక్తినిచ్చే ‘రెయిడ్ సూట్’ అనే పోరాట దుస్తుల పరికరాన్ని తానే పగలగొట్టాడు. యుద్ధం ముగిశాక తాను తనలా లేకపోతే చంపేయమని అతను కోరింది జోరోనే. తనను ఆపగలవాడిగా సాంజీయే ఎంచుకున్న మనిషి అతను.