పొగాకే డబ్బుగా నడిచిన వర్జీనియా

ప్రశ్న: అమెరికాలోని తొలి ఇంగ్లిష్ వలసల్లో ఒకటైన వర్జీనియాలో పన్నులు, జీతాలు పొగాకు రూపంలోనే చెల్లించేవారని విన్నాను. అది నిజమేనా? అక్కడి పాలన ఎవరి చేతుల్లో ఉండేది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నిజమే. ఆ వలసను 1607లో జేమ్స్‌టౌన్ వద్ద నెలకొల్పింది, రాజు ఇచ్చిన అధికారపత్రంతో లండన్‌లో వాటాలు అమ్మి పెట్టుబడి కూడగట్టిన వర్జీనియా కంపెనీ. ఆశించిన బంగారం దొరకలేదు. 1609-10 చలికాలంలో వలసవాసుల్లో అత్యధికులు ఆకలికీ రోగాలకూ బలయ్యారు. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ కొత్త రకం పొగాకు వేసిన తరువాతే ఇంగ్లండులో అమ్ముడుపోయే సరుకు వారి చేతికి వచ్చింది.

1619 జులైలో గవర్నరు, ఆయన సలహామండలి, 11 జనావాసాలు ఎన్నుకున్న 22 మంది ప్రతినిధులు కలిసి జేమ్స్‌టౌన్ చర్చిలో తొలి శాసనసభ జరిపారు. ఆ సభ చర్చించిన అంశాల్లో పొగాకు ధర కూడా ఉంది. 1624లో కంపెనీ అధికారపత్రం రద్దయి వర్జీనియా నేరుగా రాజు అధీనంలోకి వెళ్లినా, శాసనసభ మాత్రం నిలిచింది.

నాణేలు ఎప్పుడూ కొరతగానే ఉండేవి కనుక పన్నులు, కోర్టు రుసుములు, అప్పులు అన్నీ పొగాకు తూకంలోనే లెక్కించేవారు. 1696 చట్టం చర్చి మతాధికారికి ఏడాదికి 16,000 పౌండ్ల బరువైన పొగాకును జీతంగా నిర్ణయించింది. పంట ఎక్కువై ధర పడిపోతే ఆ జీతం విలువా పడిపోయేది. నాసిరకం ఆకుతో బాకీ తీర్చే అలవాటును అరికట్టడానికి 1730 చట్టం ప్రభుత్వ గిడ్డంగులను ఏర్పాటు చేసింది. అక్కడి తనిఖీ అధికారులు చెడ్డ సరుకును తగలబెట్టి, మంచిదానికి ఇచ్చిన రసీదులు చేతులు మారుతూ కాగితపు డబ్బులా చెలామణి అయ్యాయి. పంటను ఆధారం చేసుకుని ఇంత పకడ్బందీగా ద్రవ్యవ్యవస్థను నిర్మించడం ఆ సభ సాధించిన మెచ్చదగిన పనే.

అయితే ఆ సభను నడిపింది ప్రధానంగా పెద్ద తోటల యజమానులే. ఒక మనిషి ప్రయాణఖర్చు భరించినవారికి 50 ఎకరాలు ఇచ్చే పద్ధతి వల్ల, ఒప్పంద కూలీలను (ప్రయాణఖర్చుకు బదులుగా కొన్నేళ్లు పనిచేసేవారిని) ఎక్కువమందిని తెచ్చినవారికే భూమి ఎక్కువగా చేరింది. క్రమంగా కూలీల స్థానంలో ఆఫ్రికన్ బానిసలు వచ్చారు. బానిస తల్లికి పుట్టిన బిడ్డ కూడా బానిసేనని 1662లో, బానిసలు స్థిరాస్తి అని 1705లో శాసించింది ఆ ప్రతినిధుల సభే. తలపన్ను విషయంలోనూ ఇదే వివక్ష: పొలంపని చేసే ఆఫ్రికన్ స్త్రీల తలలు లెక్కకు వచ్చేవి, యజమానుల ఇళ్లలోని ఇంగ్లిష్ స్త్రీలవి వచ్చేవి కావు.