గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నారు, రిపోర్టులో తప్పులున్నాయి... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 29. మాది జగిత్యాల జిల్లా. ఏసీ మెకానిక్‌గా సౌదీ వీసా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక సెంటర్‌లో గల్ఫ్ వీసాకు కావాల్సిన గమ్కా మెడికల్ చేయించుకుంటే అన్‌ఫిట్ అని వచ్చింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉందట. నాకు ఎప్పుడూ టీబీ రాలేదు. దగ్గు, జ్వరం లేవు. అదే రిపోర్టులో బ్లడ్ గ్రూప్ బి పాజిటివ్ అని రాశారు. నాది ఓ పాజిటివ్, రక్తదానం చేసిన కార్డు కూడా ఉంది. పదిహేను వేలు ఇస్తే ఫిట్ చేయిస్తానని ఏజెంట్ అంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు బ్లడ్ గ్రూప్ సంగతి చూద్దాం. మీరు దాన్ని చివర్లో రాశారు కానీ, నాకు ఎక్స్‌రే కంటే అదే పెద్ద విషయంగా కనిపిస్తోంది.

ఎముక మజ్జ మార్పిడి లాంటి అరుదైన సందర్భాల్లో తప్ప బ్లడ్ గ్రూప్ మారదు. కాబట్టి మీ కార్డు నిజమైతే రిపోర్టు తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందన్నదే ప్రశ్న. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు జరిగితే ఆ ఒక్క గడితో పోతుంది. అలా కాకుండా రక్తం ట్యూబులు తారుమారైతే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్, షుగర్, కిడ్నీల కోసం చూసే క్రియాటినిన్ అన్నీ ఇంకొకరివి. అవన్నీ బాగున్నాయని రాసి ఉన్నా నమ్మడానికి లేదు. మీ ఫలితాలు మరో అభ్యర్థి పేరు మీద ఉన్నాయేమో కూడా. ఉదయం పూట ఒకేసారి పదుల మంది వచ్చే చోట ఇలాంటివి జరుగుతాయి.

ఎక్స్‌రే రక్తం ట్యూబులోంచి రాదు, నిజమే. కానీ టోకెన్ నంబర్లు తారుమారైతే ఎక్స్‌రే కూడా మారిపోవచ్చు. అందుకే రేపే ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు వెళ్లి గ్రూప్ పరీక్ష మళ్లీ చేయించుకోండి. ఆ కాగితం, రక్తదానం కార్డు జిరాక్స్ పట్టుకుని సెంటర్‌కు వెళ్లండి. రిసెప్షన్‌లో వాదించి లాభం లేదు. రిపోర్టుపై సంతకం చేసిన డాక్టర్ పేరిట అర్జీ రాయండి. పాస్‌పోర్ట్ నంబరు, స్లిప్ నంబరు, పరీక్ష తేదీ, రిపోర్టులో ఏముంది, మీ దగ్గరున్న ఆధారం ఏమిటి, ఇవి చాలు. రక్తం మళ్లీ తీసి అన్ని పరీక్షలూ తిరిగి చేయమని, ఎక్స్‌రే ఫిల్మ్ గానీ సీడీ గానీ ఇవ్వమని అందులో అడగండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకండి. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. ఆ మాట అర్జీలో రాయండి, పని కాస్త వేగంగా జరుగుతుంది. ఆలస్యం మాత్రం చేయకండి. ల్యాబ్‌లు పాత రక్త నమూనాలను కొద్ది రోజులే ఉంచుతాయి.

పెన్నుతో కొట్టేసి పైన రాసి ఇస్తే తీసుకోవద్దు. ఇప్పుడు ఫలితం గల్ఫ్ మెడికల్ రిపోర్టులు ఉండే వాఫిద్ పోర్టల్‌లోకి ఆన్‌లైన్‌లో వెళుతుంది. ఆ సెంటరే అక్కడ సరిచేయించాలి. పాస్‌పోర్ట్ నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు.

ఎక్స్‌రే చేతికొచ్చాక ముందు దానిమీద ఉన్న పేరు, తేదీ చూడండి. తర్వాత ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించండి. పైభాగంలో కనిపించే ప్రతి నీడా మచ్చ కాదు. మెడలో తాయెత్తు తీయకపోయినా, ఫిల్మ్ తీసేటప్పుడు కాస్త పక్కకు తిరిగి నిలబడినా, ఊపిరి నిండా పీల్చకపోయినా నీడలు పడతాయి. ఆడవాళ్లకైతే జడ భుజం మీదకు పడి సరిగ్గా ఆ పైభాగంలోనే మచ్చలా కనిపిస్తుంది. చనుమొనల దగ్గర గుర్తులు పెట్టకుండా తీస్తే వాటి నీడను గడ్డ అనుకోవడం కూడా ఉంది, కాకపోతే అది కింది భాగంలో. అనుమానం ఉంటే ఎక్స్‌రే మళ్లీ తీయించి, తేలకపోతే సీటీ స్కాన్‌కు వెళతాం. చిన్నప్పుడో, ఏదైనా ఆపరేషన్‌కు ముందో తీసిన పాత ఎక్స్‌రే ఇంట్లో ఉంటే వెతకండి. అప్పుడు శుభ్రంగా ఉందో, మచ్చ అప్పటికే ఉందో తెలిసిపోతుంది.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. సీటీలో నిజంగానే మచ్చ కనిపిస్తే సెంటర్ రాసింది తప్పు కాదు. మన దగ్గర చాలామందికి టీబీ తెలియకుండానే వచ్చి, తెలియకుండానే మానిపోతుంది. మిగిలేది మచ్చే. డాక్టర్‌గా నేను మిమ్మల్ని ఆరోగ్యవంతుడనే అంటాను. గల్ఫ్ దేశాల నిబంధనలు మాత్రం మానిపోయిన టీబీ మచ్చను కూడా అన్‌ఫిట్ కిందే లెక్కగడతాయి. అది కఠినమే, నా దృష్టిలో వైద్యపరంగా అంత అవసరం కూడా లేదు. అయినా నా సర్టిఫికెట్‌తో అది మారదు.

ఏజెంట్ సంగతి. అతను చేయించగలడో లేదో అటుంచండి, చేయించినా ఏమవుతుంది? సౌదీ దిగాక అకామా (నివాస అనుమతి కార్డు) కోసం మళ్లీ మెడికల్ ఉంటుంది. అక్కడ ఎక్స్‌రేలో అదే కనిపిస్తే వెనక్కి పంపిస్తారు. వీసాకు చేసిన అప్పు ఇక్కడే ఉంటుంది. అన్‌ఫిట్ సంగతి దాచి ఇంకో సెంటర్‌లో కొత్త స్లిప్ తీసుకోవడం కూడా వద్దు. ఫలితాలు పాస్‌పోర్ట్ నంబరుతోనే ముడిపడి ఉంటాయి.

ఇదే సందర్భంలో హెపటైటిస్ బి గురించి కూడా, ఎందుకంటే తరచూ అడుగుతుంటారు. మెడికల్‌కు కొద్ది రోజుల ముందు ఆ టీకా వేయించుకుంటే ఆ వైరస్ కోసం చేసే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష తాత్కాలికంగా పాజిటివ్ రావచ్చు. టీకా వేయించుకున్న తేదీ కాగితం చూపించి మూడు, నాలుగు వారాల తర్వాత మళ్లీ చేయమని అడగండి. వీడీఆర్ఎల్ పాజిటివ్ వస్తే సిఫిలిస్‌ను ఖాయం చేసే టీపీహెచ్ఏ, హెపటైటిస్ సి పాజిటివ్ వస్తే వైరస్ ఒంట్లో ఇంకా ఉందో లేదో చూసే ఆర్ఎన్ఏ పరీక్ష చేయించాకే నిర్ధారణకు రావాలి.

ఇక మీ విషయంలో మిగిలింది తెమడ పరీక్ష. దగ్గు లేకపోయినా, సీటీలో మచ్చ ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష చేయించుకోండి, ఉచితం. టీబీ ఉందని తేలితే మందులూ ఉచితమే, మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి. నెగెటివ్ వచ్చి, డాక్టర్ అది పాత మచ్చే అన్నారనుకోండి, మచ్చ పోగొట్టుకుందామని టీబీ మాత్రలు మొదలుపెట్టకండి. ఆ మాత్రలతో మచ్చ పోదు, లివర్ దెబ్బతినే ప్రమాదం మాత్రం ఉంది. సీటీ ఫిల్మ్ భద్రంగా దాచుకోండి, రేపు ఎక్కడ ఎక్స్‌రే తీసినా పోల్చి చూడడానికి డాక్టర్లు దాన్నే అడుగుతారు.