టస్కేగీ బడి నిజంగా ఎలా నిలబడింది: ఓట్లు, అప్పు, ఇటుకలు

మీ ప్రశ్న: అమెరికాలో బానిసగా పుట్టిన నల్లజాతి మనిషి బుకర్ టి. వాషింగ్టన్, టస్కేగీ అన్న అంత పెద్ద బడికి ప్రిన్సిపాల్ ఎలా అయ్యాడు? తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాలి, ఎక్కడ చూసినా "కష్టపడి పైకొచ్చాడు" అన్న ఒక్క మాటే దొరుకుతోంది.

ఆ మాట తప్పు కాదు గానీ దానివల్ల పిల్లలకు ఏమీ బోధపడదు. జీతాలు ఎవరిచ్చారు, నేల ఎలా కొన్నారు, గోడలు దేంతో కట్టారు అన్నవి చెబితేనే ఆ మనిషి చేసిన పని కళ్లకు కడుతుంది.

ముందుగా ఒక జాగ్రత్త. అక్కడి బానిసత్వాన్ని "వెట్టి" అని రాయకండి. వెట్టిలో మనిషి చేత ఊరికే పని చేయించుకుంటారు. అక్కడ మనిషే ఆస్తి. బుకర్ పుట్టింది 1856లో, వర్జీనియాలోని హేల్స్ ఫోర్డ్ దగ్గర బరోస్ కుటుంబం కమతంలో. 1861లో యజమాని పోయాక ఆస్తులన్నిటికీ ధర కట్టి జాబితా రాశారు. అందులో బుకర్ పేరుకు ఎదురుగా 400 డాలర్లు అని ఉంది. ఈ ఒక్క వివరం బోర్డు మీద రాస్తే చాలు, పిల్లలకు తేడా తెలుస్తుంది. (పుట్టిన సంవత్సరం ఆయనకే తెలియదు, 1858 లేదా 1859 కావచ్చని రాసుకున్నాడు. పుస్తకానికొక సంవత్సరం కనిపించేది అందుకే.)

1865లో బానిసత్వం నుంచి విడుదలయ్యాక కుటుంబం వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్ చేరింది. అక్కడ ఉప్పు బట్టీలో సవతి తండ్రి నింపిన పీపాల మీద 18 అని గుర్తు వేసేవారు. బుకర్ నేర్చిన మొదటి అక్షరం ఆ అంకె. తరవాత బొగ్గు గనిలో, ఒక ఇంట్లో పని. 1872లో వర్జీనియాలో నల్లవాళ్ల కోసం నడిచే హాంప్టన్ బడికి దాదాపు 500 మైళ్లు, కొంత బండ్ల మీద, కొంత నడిచి వెళ్లాడు. చేరేసరికి చేతిలో 50 సెంట్లు. ప్రవేశ పరీక్షగా ఒక గది ఊడవమన్నారు. మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు దుమ్ము తుడిచాడు. టీచరమ్మ చేతిరుమాలుతో చెక్క మీదా బల్లల మీదా రుద్ది చూసి, మరక అంటక చేర్చుకుంది. భోజనం, వసతి నెలకు 10 డాలర్లు. అందులో చాలావరకు బడి ఊడ్చే పని చేసి తీర్చాడు. ఏడాదికి 70 డాలర్ల చదువు ఖర్చు ఒక దాత కట్టాడు. 1875లో చదువు ముగించి, కొన్నాళ్లు మాల్డెన్‌లో పాఠాలు చెప్పి, 1879లో హాంప్టన్‌కే పంతులుగా తిరిగొచ్చాడు.

ఇక టస్కేగీ. ఈ బడి ఆలోచన బుకర్‌ది కాదు, ఇది తప్పక చెప్పండి. లూయిస్ ఆడమ్స్ అని అలబామాలోని టస్కేగీలో రేకు పని, జీను పని, చెప్పుల పని చేసే మనిషి, ఆయనా మాజీ బానిసే. 1880 ఎన్నికల్లో నల్లవాళ్ల ఓట్లు కావాలని ఒక తెల్ల నాయకుడు వస్తే, గెలిస్తే మాకొక బడి తేవాలని బేరం పెట్టాడు. అలా 1881 మొదట్లో చట్టం వచ్చింది, ఏటా 2,000 డాలర్లు. అయితే ఆ సొమ్ము పంతుళ్ల జీతాలకే. నేలకు, గోడలకు, పుస్తకాలకు ఒక్క సెంటు లేదు. హాంప్టన్ అధిపతిని ఒక తెల్ల ప్రిన్సిపాల్‌ను చూసిపెట్టమని అడిగితే, ఆయన బుకర్ పేరు పంపాడు.

1881 జులై 4న 30 మందితో బడి మొదలైంది, ఒక చర్చిలోనూ పక్కనున్న పాత పాకలోనూ. వాన పడితే కప్పు కారేది. ఒక విద్యార్థి పాఠం ఆపి గొడుగు పట్టుకుంటే, దాని కింద నిలబడి బుకర్ మిగతావాళ్ల పాఠం వినేవాడు.

ఊరికి దగ్గర్లో 100 ఎకరాల పాత కమతం 500 డాలర్లకు వచ్చింది. సగం వెంటనే, సగం ఏడాదిలోగా. మొదటి 250 హాంప్టన్ కోశాధికారి సొంత డబ్బు నుంచి అప్పిచ్చాడు. ఆ అప్పు మూడు నెలల్లో తీరింది, ఐదు నెలల్లో నేల మొత్తం చేతికొచ్చింది. ఇందులో ఎక్కువ శ్రమ తోటి టీచరు ఒలీవియా డేవిడ్‌సన్‌ది. ఇంటింటికీ తిరిగి కేకో, కోడో, రొట్టెలో అడిగి తెచ్చి, వాటితో విందులు పెట్టి డబ్బు కూడబెట్టింది. దాదాపు డెబ్బై ఏళ్ల ఒక మాజీ బానిస ముసలమ్మ కుంటుకుంటూ వచ్చి ఆరు గుడ్లు ఇచ్చి వెళ్లింది.

ఆ తరవాత ఇటుకలు. ఊళ్లో ఇటుకల బట్టీ లేదు, బడికి భవనాలు కావాలి, ఊరికీ ఇటుకలు కావాలి. సరే మనమే కాల్చుదాం అన్నాడు. ఎవరికీ పని రాదు. మోకాళ్ల లోతు బురదలో దిగాలంటే చదువుకోవడానికొచ్చిన కుర్రాళ్లకు అసహ్యం, కొందరు బడే మానేశారు. దాదాపు 25,000 ఇటుకలు అచ్చుపోశారు. ఇటుక రెండు కిలోలనుకున్నా 50 టన్నుల మట్టి, అంతా చేత్తోనే. బట్టీ సరిగ్గా పేర్చలేదు, సరిగ్గా కాల్చలేదు, మొత్తం పోయింది. రెండోదీ పోయింది. మూడోది వారం రోజుల కాల్పులో చివరికొచ్చి, ఇంకొన్ని గంటలుందనగా అర్ధరాత్రి కూలిపోయింది.

ఎందుకు పోతుందో ఇటుకల పని తెలిసినవాళ్లకు వింత కాదు. పచ్చి ఇటుక పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. మొదట సన్న సెగ పెట్టి ఆ తడిని ఆవిరిగా వదిలించాలి. తొందరపడి మంట పెంచితే ఆవిరికి దారి లేక ఇటుక పగులుతుంది. సెగ చాలకపోతే ఇటుక వానకు కరిగిపోతుంది. ఒకచోట ఎక్కువైతే అక్కడి వరసలు మెత్తబడి కుంగుతాయి, పైబరువుకు పేర్పంతా ఒరిగి కూలుతుంది. కట్టెలు తోసే దారులు సమంగా లేకపోతే ఒకే బట్టీలో ఈ తప్పులన్నీ జరుగుతాయి.

మూడోసారికి డబ్బు అయిపోయింది. పంతుళ్లలో చాలామంది వదిలేద్దామన్నారు. బుకర్ తన గడియారాన్ని మాంట్‌గోమరీలో తాకట్టు పెట్టి 15 డాలర్లు తెచ్చాడు. నాలుగో బట్టీ నిలిచింది. గడియారం గడువు దాటిపోయింది, మళ్లీ రాలేదు. 1900 నాటికి ఒక్క కాలంలో విద్యార్థులు 12 లక్షల ఇటుకలు చేస్తున్నారు. ఈ బడితో ఏ సంబంధమూ లేని తెల్లవాళ్లు కూడా కొనడానికి వచ్చారు.

బీద విద్యార్థులకు చదువు ఎలా సాగిందంటే రాత్రి బడి. పగలు పది గంటలు ఏదో ఒక పనిలో, రాత్రి రెండు గంటలు చదువు. కూలి చేతికిచ్చేవారు కాదు, ఎక్కువ భాగం బడి ఖాతాలో జమ అయ్యేది. ఒకటి రెండేళ్లయ్యాక పగటి బడికి మారితే ఆ జమలోంచి భోజనం ఖర్చు పోయేది. ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదే. కానీ పది గంటల పని తరవాత లెక్కలు చేయడమంటే ఏమిటో పిల్లల్నే ఊహించమనండి.

చివరిది, దాచకూడనిది. 1895లో అట్లాంటా ఉపన్యాసంలో బుకర్, ముందు పనితనమూ ఆస్తీ, హక్కుల పోరు తరవాత అన్న దారి పట్టాడు. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 1903లో దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఓటు హక్కు కేసులకు బుకర్ రహస్యంగా డబ్బు పంపిన మాట నిజమే, అదీ చెప్పండి. అయినా నా మటుకు ఇక్కడ డుబాయిస్ మాటే బరువైనది. టస్కేగీ బడి పుట్టిందే 1880లో నల్లవాళ్ల ఓటుకు విలువ ఉండబట్టి. 1901లో అలబామా కొత్త రాజ్యాంగం రాసి, చాలావరకు ఆ ఓటునే లాగేసుకుంది.