ముందున్నవాళ్ల కరెంటు బాకీ మా అబ్బాయి కట్టాలా?

ప్రశ్న: మాది మదనపల్లె, చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్లాడు. ఇంకో ముగ్గురు తెలుగు పిల్లలతో కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అగ్రిమెంటు సెప్టెంబరు 1 నుంచి ఉంది, వాళ్లు దిగింది మాత్రం 14న. నవంబరులో కరెంటు, గ్యాస్ కలిపి 1,140 పౌండ్ల బిల్లు వచ్చింది, చూస్తే నిరుడు డిసెంబరు నుంచి లెక్క వేసి ఉంది. మొన్న వసూలు ఏజెన్సీ నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఓనర్‌ని అడిగితే "మీరే చూసుకోండి, లేకపోతే డిపాజిట్‌లో పట్టుకుంటాను" అంటున్నాడట. వాడి వీసాకి ఏమైనా అవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. కట్టేసి వదిలించుకుందాం అంటున్నారు మా ఆయన. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన్ని ఆ డబ్బు పంపకుండా ఆపండి. మన లెక్కలో లక్ష రూపాయలు దాటుతుంది అది. అందులో మీ అబ్బాయి, వాడి స్నేహితులు కట్టాల్సింది సెప్టెంబరు 1 నుంచి అయిన ఖర్చు మాత్రమే, అంతకుముందు తొమ్మిది నెలల బాకీతో వాళ్లకి సంబంధం లేదు. ఈ విషయంలో అక్కడి చట్టం స్పష్టంగానే ఉంది. కష్టమంతా తేదీలు, మీటర్ రీడింగులు రుజువు చేయడంలో ఉంటుంది, అందుకే ఎక్కువ దాని గురించే రాస్తాను.

మీ ఆయన అలా ఎందుకు అంటున్నారో నాకు తెలుసు. మన దగ్గర కరెంటు బాకీ ఇంటిని పట్టుకుని ఉంటుంది. ఆర్.ఆర్. నంబరు, అంటే కరెంటు కనెక్షన్ నంబరు, ఇంటిది, దాని మీద బాకీ ఉంటే కనెక్షన్ పోతుంది, ఇంట్లో ఉన్నవాళ్లు పాతవాళ్లా కొత్తవాళ్లా అన్నది తర్వాతి మాట. 1995లో ఇషా మార్బుల్స్ కేసులో సుప్రీంకోర్టు, వేలంలో ఆస్తి కొన్నవాళ్ల దగ్గర పాత యజమాని కరెంటు బాకీ వసూలు చేయకూడదంది, చాలా ఏళ్లు అందరూ ఆ తీర్పు పట్టుకునే వాదించారు. కానీ 2023 మే 19న కె.సి. నినాన్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచ్ ఇచ్చిన తీర్పు వేరు. పాత బాకీ తీరిస్తేనే కొత్త కనెక్షన్ ఇస్తామని సరఫరా నిబంధనల్లో రాసి ఉంటే ఆ షరతు చెల్లుతుందని చెప్పింది. అందుకే ఇక్కడ రీసేల్ ఫ్లాటు కొనే ప్రతివాళ్లకీ, రిజిస్ట్రేషన్ రోజు కాదు, అడ్వాన్స్ ఇవ్వకముందే బెస్కాం కరెంటు బిల్లు, వాటర్ బోర్డు బిల్లు, అసోసియేషన్ మెయింటెనెన్స్ బాకీ లేదన్న కాగితం తెప్పించుకోమని చెబుతుంటాను. ఈ అలవాటుతోనే మనం లెస్టర్ బిల్లు కూడా చూస్తున్నాం. అక్కడ పద్ధతి వేరు.

ఇంగ్లండ్‌లో బాకీ మనిషిది, ఇంటిది కాదు. కంపెనీతో ఎవరూ సంతకం పెట్టకపోయినా ఆ ఇంట్లో కరెంటు వాడుతున్నవాళ్లకీ కంపెనీకీ మధ్య ఒప్పందం ఉన్నట్టే చట్టం భావిస్తుంది. దాన్ని డీమ్డ్ కాంట్రాక్ట్ అంటారు. కరెంటుకి 1989 విద్యుత్ చట్టం ఆరో షెడ్యూలులో, గ్యాస్‌కి 1986 గ్యాస్ చట్టం షెడ్యూలు 2బి లో ఉంది ఇది. ఆ ఒప్పందం మీ అబ్బాయి విషయంలో మొదలయ్యేది ఇల్లు వాడి చేతికి వచ్చినప్పటి నుంచే. అంతకుముందు వాడినవాళ్లది వాళ్లు కట్టాలి, మధ్యలో ఇల్లు ఖాళీగా ఉంటే ఆ రోజులది ఓనర్ కట్టాలి.

ఇందులో మీకు నచ్చని చిన్న మాట ఒకటుంది. వాడు దిగింది 14న అయినా కంపెనీలు చూసేది విమానం టికెట్ కాదు, అగ్రిమెంటులో రాసిన తేదీ. కాబట్టి ఆ పదమూడు రోజుల స్టాండింగ్ ఛార్జీ, అంటే మీటరు తిరిగినా తిరగకపోయినా రోజుకింత అని పడే మొత్తం, పిల్లల మీదే పడుతుంది. దాని గురించి కొట్లాడొద్దు. న్యాయంగా కట్టాల్సింది ఒప్పుకుంటేనే మిగతా దాన్ని కాదనడానికి బలం ఉంటుంది.

ఇంకో సంగతి మీ అబ్బాయిని అడగండి. దాచుకోకుండా చెప్పమనండి, తిట్టనని కూడా చెప్పండి. ఆ ఇల్లు వాళ్లకి ఎలా దొరికింది? మన పిల్లలకి చాలాసార్లు సీనియర్లే ఇల్లు అప్పజెబుతారు, వాట్సాప్ గ్రూపులో మాట అయిపోతుంది, తాళం చెవులు చేతులు మారతాయి, మీటరు సంగతి ఎవరికీ గుర్తుండదు. అలా జరిగి ఉంటే ఆ సీనియర్ల పేర్లు, వాళ్లు ఖాళీ చేసిన తేదీ కంపెనీకి చెప్పాలి, మనవాళ్లే కదా అని ఊరుకోవద్దు. ఇంకా ముఖ్యమైనది, ఈ నలుగురిలో ఎవరైనా సెప్టెంబరుకి ముందే ఆ ఇంట్లో ఉన్నారా? వేసవి నుంచే ఒకడు అక్కడ మకాం పెట్టి ఉంటే వాడి లెక్క వేరు, వాడి కోసం మీ అబ్బాయి అబద్ధపు తేదీతో మెయిల్ రాయకూడదు. నాకు నిజంగా భయం కలిగించేది అదొక్కటే, ఎందుకంటే బాకీ అయితే తీర్చుకోవచ్చు, రాతపూర్వకంగా చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఆ బిల్లు ఎవరి పేరున వచ్చిందో మీరు రాయలేదు. పాత అద్దెదారు పేరున వచ్చిన ఉత్తరమైతే విప్పకుండా, ఈ మనిషి ఇక్కడ లేడని కవరు మీద రాసి తిరిగి పోస్టులో వేయాలి. వేరేవాళ్లకి నష్టం చేసే ఉద్దేశంతో వాళ్ల ఉత్తరం విప్పడం అక్కడ నేరం. 'ది ఆక్యుపయర్' అని ఉంటే, అంటే ఆ ఇంట్లో ఉన్నవారికి అని, అది తప్పకుండా విప్పి జవాబు ఇవ్వాలి. చాలామంది పిల్లలు నా పేరు లేదు కదా అని దాన్ని పక్కన పడేస్తారు. జవాబు లేకపోతే కంపెనీ మేజిస్ట్రేటు దగ్గర వారెంట్ తెచ్చుకుని ఇంట్లోకి వచ్చి ప్రీపేమెంట్ మీటరు, అంటే ముందే డబ్బు వేస్తేనే కరెంటు వచ్చే మీటరు, బిగించే దాకా వెళ్లగలదు. ఇక బిల్లు నేరుగా మీ అబ్బాయి పేరునే వచ్చి, అందులో పాత నెలలు కూడా కలిసి ఉంటే, కంపెనీ పాత ఖాతానీ కొత్త ఖాతానీ కలిపేసిందని అర్థం. అప్పుడు ఇంకా తొందరగా కదలాలి.

కదలడం అంటే ఒక మెయిలు. ఫోనులో మాట్లాడితే మాట్లాడమనండి, కానీ మాట్లాడినదంతా మళ్లీ మెయిల్‌లో పెట్టాలి. అందులో సంగతి ఇంతే: మా టెనెన్సీ ఫలానా సంవత్సరం సెప్టెంబరు 1న మొదలైంది, అగ్రిమెంటు కాపీ జత చేశాం, అంతకుముందు వాడకానికి మేము బాధ్యులం కాము, ఆ తేదీ నుంచి మా పేర్ల మీద కొత్త ఖాతా తెరిచి ఆ రోజు రీడింగుతో కొత్త బిల్లు పంపండి, అది కట్టడానికి సిద్ధంగా ఉన్నాం, అది తేలే వరకు వసూలు ఆపమని ఏజెన్సీకి చెప్పండి. ఇదే మెయిలు ఏజెన్సీకి కూడా వెళ్లాలి. ఏజెన్సీ వాళ్ల ఉత్తరం చూసి హడలిపోకండి, వాళ్లు కోర్టు మనుషులు కారు, ఇంట్లోకి వచ్చే హక్కు, సామాను తీసుకెళ్లే హక్కు వాళ్లకి లేవు. ఖాతా నలుగురి పేర్ల మీదా తెరవమనండి. ఒక్కడి పేరున ఉంటే రేపు ఇద్దరు చెప్పకుండా వేరే ఊరికి వెళ్లిపోయినా బిల్లు మొత్తం ఆ ఒక్కడినే అడుగుతారు.

మరి సెప్టెంబరు 1 రీడింగు ఎక్కడ దొరుకుతుంది? అసలు పని ఇక్కడే ఉంది. దిగిన రోజు మీటరు ఫోటో తీసి ఉంటే గొడవే లేదు, తీయలేదేమోనని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. ఇల్లు అప్పజెప్పేటప్పుడు ఏజెంటు రాసే ఇన్వెంటరీ, అదే ఏ గోడ మీద గీత ఉంది, ఏ కుర్చీ కాలు విరిగింది అని రాసే కాగితం, అందులో చాలాసార్లు మీటరు రీడింగు కూడా ఉంటుంది, ముందు అది వెతకమనండి. లేకపోతే పాతవాళ్లు ఖాళీ చేసిన రోజు రీడింగు ఓనర్‌ని రాతపూర్వకంగా అడగాలి. స్మార్ట్ మీటరు అయితే ఆ తేదీ రీడింగు కంపెనీ దగ్గరే ఉండొచ్చు, తీసి చూపించమని అడగాలి. ఇవేవీ కాకపోతే, వాడు ఇల్లు చేరిన రోజు మీకు ఇల్లంతా తిప్పి చూపిస్తూ వీడియో ఏమైనా పంపాడేమో మీ వాట్సాప్‌లో చూడండి, మెట్ల కిందో వంటింటి అరలోనో మీటరు కనిపిస్తుందేమో. తేదీతో సహా ఉన్న ఆ వీడియో గట్టి సాక్ష్యం, కాబట్టి ఫోన్ మెమరీ నిండిందని తీసేయకండి. ఇప్పుడైనా ఈ రోజే రెండు మీటర్లకీ ఫోటో తీయమనండి, అంకెలతో పాటు మీటరు మీద ఉన్న సీరియల్ నంబరు కూడా పడాలి. ఆ నంబరు బిల్లులో ఉన్నదానితో సరిపోలకపోతే, వేరే ఇంటి మీటరుకి వీళ్లకి బిల్లు వేసి ఉండొచ్చు, అలా కూడా జరుగుతుంది. దిగిన రోజు 47,950, ఇప్పుడు 48,210 అనుకోండి, ఆ 260 యూనిట్లూ, రోజువారీ ఛార్జీ, పన్ను, అంతే వాళ్లది.

కంపెనీ వినకపోతే అది ఫిర్యాదు అని మెయిల్‌లో స్పష్టంగా రాయాలి. రాసిన రోజు నుంచి ఎనిమిది వారాల్లో తేలకపోయినా, లేదా మేము చెప్పేది ఇంతే అని కంపెనీ చివరి ఉత్తరం ఇచ్చినా, ఇలాంటి తగవులు తీర్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రుసుము లేదు. చివరి ఉత్తరం వస్తే అక్కడి నుంచి పన్నెండు నెలలు గడువు. అంబుడ్స్‌మన్ చెప్పినదానికి మీ అబ్బాయి ఒప్పుకుంటే కంపెనీ దానికి కట్టుబడాల్సిందే. యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, జనానికి సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ కూడా ఉచితమే, మెయిలు పంపేముందు వాళ్లకి ఒకసారి చూపించుకుంటే మంచిది.

ఓనర్ బెదిరింపు సంగతి. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని, ఇంకేదో అని ఓనర్ ఎంత ఇస్తే అంత తీసుకుని వచ్చేసే అలవాటు మనది. అక్కడ మామూలు అద్దె ఇళ్లకి డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు, తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన మూడు స్కీముల్లో ఒకదానిలో పెట్టి, ఆ వివరాలు అద్దెదారుకి ఇవ్వాలి. అలా పెట్టకపోతే డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల వరకు అద్దెదారుకి ఇవ్వమని కోర్టు చెప్పగలదు. కాబట్టి మీ అబ్బాయి ఓనర్‌తో వాదన పెట్టుకోనక్కర్లేదు, మా డిపాజిట్ ఏ స్కీములో ఉందో చెప్పండి అని మర్యాదగా ఒక మెయిల్ పెడితే చాలు. ఖాళీ చేసేటప్పుడు పాతవాళ్ల బాకీ పేరు చెప్పి కోస్తే ఆ స్కీములోనే ఖర్చు లేకుండా తగవు తీరుస్తారు, కోయడానికి హక్కు ఉందని రుజువు చేయాల్సింది ఓనరే.

వీసా గురించి నిద్ర పాడుచేసుకోకండి. బాకీల వల్ల వీసా కాదనొచ్చు అని ఇమిగ్రేషన్ రూల్స్ చెప్పేది, ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రికి, అంటే అక్కడి ప్రభుత్వాసుపత్రికి, 500 పౌండ్లు, అంతకు మించి బాకీ ఉన్నప్పుడు, వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి కోర్టు ఖర్చులు ఎగ్గొట్టినప్పుడు. కరెంటు కంపెనీతో బిల్లు తగాదా అందులో లేదు. భయపడాల్సిన కాగితం వేరే ఉంది: కౌంటీ కోర్టు నుంచి మీ అబ్బాయి పేరున క్లెయిమ్ ఫారం వస్తే, బాకీ వాడిది కాకపోయినా సరే, 14 రోజుల్లో జవాబు వెళ్లాలి. అదే గడువులో ఫారం అందిందని తెలియజేస్తే పూర్తి జవాబుకి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఊరుకుంటే వాదన వినకుండానే తీర్పు పడిపోతుంది, అది ఆరేళ్లు రికార్డులో ఉంటుంది, ఫోను కాంట్రాక్టు దగ్గర నుంచి అద్దె ఇల్లు దాకా అన్నిటికీ అడ్డొస్తుంది. అటువంటిది వస్తే ఆ రోజే నాకు రాయండి, అక్కడి సొలిసిటర్‌తో, అంటే లాయరుతో, మాట్లాడాలి. పనిలో పనిగా అప్పుల రికార్డు ఉంచే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ వాడి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా తీసి, పాత బాకీ వాడి పేరున ఎక్కిందేమో చూడమనండి. ఎక్కితే తీయించొచ్చు.

కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి స్థానిక సంస్థ వేసే ఇంటి పన్ను, దాని బిల్లు కూడా వస్తే కంగారుపడొద్దు, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే మినహాయింపు ఉంది. యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్ కౌన్సిల్‌కి పంపాలి, పంపకపోతే మాత్రం బిల్లు అలాగే నిలబడుతుంది.

పిల్లల్ని పంపబోతున్న మిగతా తల్లిదండ్రులకి ఒక్క మాట, ఎందుకంటే ఇది మీ అబ్బాయి ఇంటికి వర్తించదు. కొన్ని ఇళ్లలో బిల్లు రాదు, ముందే డబ్బు వేసుకునే ప్రీపేమెంట్ మీటరు ఉంటుంది. దిగీదిగగానే పాతవాళ్లు వదిలి వెళ్లిన కీ తోనో కార్డుతోనో డబ్బు వేస్తే, వాళ్ల బాకీ వాయిదా అందులోంచే కోసుకుంటుంది. ముందు కంపెనీకి ఫోన్ చేసి కొత్తగా దిగామని చెప్పి, కొత్త కీ వచ్చాక వేసుకోవాలి.

ఇప్పటికి మీరు చేయాల్సింది, ఈ రాత్రికి అబ్బాయికి ఫోన్ చేసి ఈ రెండు ప్రశ్నలు అడగడం. బిల్లు ఎవరి పేరున ఉంది, సెప్టెంబరుకి ముందు ఆ ఇంట్లో ఈ నలుగురిలో ఎవరైనా ఉన్నారా. జవాబులు, బిల్లు ఫోటో, అగ్రిమెంటు మొదటి పేజీ పంపితే మెయిలు ముసాయిదా నేనే రాసిస్తాను.