కౌంటీ జెర్సీ దాకా గేలిక్ ఫుట్‌బాల్ దారి: 15 ఏళ్ల అబ్బాయి గురించి అడిగినవారికి

మీరు అడిగింది ఇదీ: బాబుకి 15 ఏళ్లు, ఐర్లండ్‌లో క్లబ్బుకి బాగా ఆడుతున్నాడు. కౌంటీ టీములోకి ఎలా వెళ్లాలి, మొదటి కొన్నేళ్లు ఎలా ఉంటాయి, డబ్బులేమైనా వస్తాయా?

డబ్బు సంగతి ముందే చెప్పేస్తానండీ. గేలిక్ ఫుట్‌బాల్ (చేత్తోనూ, కాలితోనూ బంతి ఆడే ఐర్లండ్ ఆట) జీతం లేని ఆట. డబ్లిన్‌లోని క్రోక్ పార్కు స్టేడియంలో 82,000 మంది ముందు ఫైనల్ ఆడినవాడు కూడా మళ్లీ ఉద్యోగానికి వెళ్లాల్సిందే. సీనియర్ ఆటగాళ్లకి ప్రయాణ ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి గ్రాంటు వస్తాయి, అంతే. అందుకే చదువు తగ్గించి దీనికి టైము ఇవ్వడం నాకు నచ్చదు.

ఏ కౌంటీకి ఆడతాడన్నది మామూలుగా క్లబ్బుని బట్టే ఉంటుంది. క్లబ్బువాళ్లు మీవాడి పేరు పంపితే డెవలప్‌మెంట్ స్క్వాడ్ (కౌంటీ కుర్రాళ్లని తయారుచేసే జట్టు) ట్రయల్స్‌కి పిలుస్తారు. ఆ పైన మైనర్, అండర్-20, సీనియర్. 2018 నుంచి కౌంటీ స్థాయిలో మైనర్ అంటే అండర్-17. వయసు లెక్క జనవరి 1 నుంచి కాబట్టి జనవరిలో పుట్టినవాడూ, అదే ఏడు డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గ్రూపులో పడతారు. ఆ వయసులో పదకొండు నెలల తేడా ఎముకల్లో, కండల్లో కనిపిస్తుంది. మీవాడు ఏడాది చివర్లో పుట్టి 15 ఏళ్లకి ట్రయల్‌లో ఎంపిక కాకపోతే ఆట రాదనుకోకండి, వచ్చే ఏడాది మళ్లీ పేరు పంపమని క్లబ్బుని అడగండి.

ఫిట్‌నెస్‌కి చాలాచోట్ల బ్రాంకో అనే పరుగు పరీక్ష పెడతారు: 20, 40, 60 మీటర్లు వెళ్లి రావడం, ఆపకుండా 5 సార్లు, మొత్తం 1,200 మీటర్లు. దీనికి ఆరు వారాల్లో తయారైపోవచ్చు. ఎడమ కాలు మాత్రం అలా రాదు. ట్రయల్‌లో ఎక్కువమంది దొరికిపోయేది అక్కడే. కుడికాలితోనే సోలో (పరుగెడుతూ బంతిని కాలి మీదికి వదిలి, మళ్లీ చేతిలోకి తన్నుకోవడం) చేసేవాణ్ణి డిఫెండర్ రెండు నిమిషాల్లో కనిపెట్టి, కుడివైపు దారి మూసేస్తాడు. వీడు లోపలికి తిరుగుతాడు, బంతి చేతిలో ఉండగానే నాలుగు అడుగులు దాటేస్తాడు, రిఫరీ విజిల్ వేస్తాడు.

సోలోలో ఎడమ కాలికి ఎడమ చేత్తోనే బంతి వదలాలి, కాలివేళ్లు తనవైపు ఎత్తితే బంతి వెనక్కి తిరుగుతూ చేతిలోకి వస్తుంది. దూరం తన్నేటప్పుడు వేళ్లు కిందికి చాచి, బూటు లేసుల మీద తగిలేలా తన్నాలి. ఎక్కువ ఎత్తు నుంచి వదిలితే గాలికి బంతి పక్కకి జరుగుతుంది, అందుకే నడుము ఎత్తు నుంచి, కాలు తగిలే ముందు చివరి క్షణంలో వదలడం నేర్పండి. వారానికి నాలుగు రోజులు, రోజుకి 20 నిమిషాలు, గోడకేసి ఎడమ కాలితో 50 తన్నులు. మొదటి నెల బంతి ఎటు పడితే అటు పోతుంది, ఆపనివ్వకండి.

2025లో వచ్చిన కొత్త రూల్స్ కోచ్‌ల చూపునే మార్చాయి. గోలు ముందు గీసిన 40 మీటర్ల ఆర్క్ బయటి నుంచి గోలు బార్ మీదుగా కొడితే రెండు పాయింట్లు. కిక్‌అవుట్ (గోల్‌కీపర్ బంతిని మళ్లీ ఆటలోకి తన్నడం) ఆ ఆర్క్ దాటి పడాలి, అంటే గాల్లోకి లేచి బంతి అందుకునేవాడికి విలువ పెరిగింది. ప్రతి జట్టులో ముగ్గురు ఎప్పుడూ అవతలి సగంలో ఉండాలి కాబట్టి డిఫెండర్‌కి గుంపు చాటు దొరకదు, ఒక్కడితో ఒక్కడు తేల్చుకోవాలి.

అసలు కష్టం మైనర్ దాటాక మొదలవుతుంది. కెర్రీ కౌంటీకి ఆడిన డేవిడ్ క్లిఫర్డ్ 2017 మైనర్ ఫైనల్లో డెర్రీ మీద 4 గోల్స్, 4 పాయింట్లు కొట్టి, మరుసటి ఏడాదే సీనియర్స్‌లోకి వచ్చాడు. ఫోసా లాంటి చిన్న క్లబ్బు నుంచి వచ్చాడన్నది గుర్తుపెట్టుకోండి గానీ, ఆ వేగాన్ని మీవాడికి కొలతగా పెట్టకండి. చాలామందికి 19, 20 ఏళ్లకి సీనియర్స్‌తో ట్రైనింగ్‌కి మాత్రమే పిలుపు వస్తుంది. మ్యాచ్‌కి పేర్లిచ్చేది 26 మందినే. తొలి అవకాశం తరచుగా జనవరి చివర మొదలయ్యే నేషనల్ లీగ్‌లో, గోలు దగ్గర ఆడే కార్నర్ ఫార్వర్డ్‌గానో సబ్‌గానో దొరుకుతుంది. మైనర్ మ్యాచ్ 60 నిమిషాలు, సీనియర్‌ది 70. ఆ చివరి పదిలో ఎదురుగా ఉన్నది పాతికేళ్లు దాటిన మనిషి, వాడితో భుజానికి భుజం తగలాలి.

ఈ వయసులో క్లబ్బు, స్కూలు, కౌంటీ ముగ్గురు కోచ్‌లూ ఒకేసారి పిలుస్తారు, కాలేజీకి వెళ్తే కాలేజీల మధ్య జరిగే సిగర్సన్ కప్పు తోడవుతుంది. ఎవరికీ మిగతావాళ్ల లెక్క తెలియదు. వారం షెడ్యూలు ఒకే కాగితం మీద రాసి అందరికీ పంపండి. గజ్జల్లో నొప్పి అంటే మోకాళ్ల మధ్య పిడికిలి పెట్టి గట్టిగా నొక్కమనండి, నొప్పి వస్తే ఆ వారం ఆపేసి ఫిజియో దగ్గరికి తీసుకెళ్లండి. వార్మప్‌కి జీఏఏ (ఈ ఆటని నడిపే సంఘం) వాళ్ల జీఏఏ 15 అనే కార్యక్రమం ఉంది, పావుగంట పని, ఎగ్గొట్టనివ్వకండి.

తిండి విషయంలో మన ఇళ్లల్లో లోటు ప్రోటీన్. కిలో బరువుకి రోజుకి సుమారు 1.6 గ్రాములు, 70 కిలోలవాడికి 112 గ్రాములు కావాలి. రెండు గుడ్లు 12, గ్లాసు పాలు 8. పప్పన్నం ఒక్కదానితో అంత రాదు, శాకాహారులైతే పనీర్, పెరుగు, సోయా కలపాలి. పౌడర్ కొంటే నిషేధిత పదార్థాల కోసం పరీక్షించారని చెప్పే ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్ ముద్ర ఉన్నదే కొనండి. సీనియర్ కౌంటీ ఆటగాళ్లకి డోపింగ్ పరీక్షలు ఉంటాయి. ఊరి నుంచి ఎవరైనా ప్రేమగా పంపిన లేహ్యమైనా, బలం మాత్రలైనా టీమ్ డాక్టరుకి చూపించే వరకు మూత తీయనివ్వకండి.