మక్‌రాస్ మఠం మూతపడింది 1541లోనా, 1652లోనా?

మక్‌రాస్ మఠం మీద వ్యాసం రాస్తూ, ఐర్లండ్‌లోని కిల్లార్నీ వెళ్ళినప్పుడు ఒకచోట 1541లో మూసేశారని, ఇంకోచోట 1652లో సన్యాసుల్ని తరిమేశారని చదివి అయోమయంలో పడ్డానన్నారు కదండీ, రెండూ నిజమే.

1448లో ఆ ప్రాంతపు పాలక వంశమైన మెకార్తీలకి చెందిన డానియల్ మెకార్తీ మోర్ ఈ మఠాన్ని ఫ్రాన్సిస్కన్లలో (సెయింట్ ఫ్రాన్సిస్ బాటలో నడిచే కాథలిక్ సన్యాసుల్లో) నియమాలు కఠినంగా పాటించే శాఖకి కట్టించాడు. 1541లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ హయాంలో దీన్ని రద్దు చేశారు, కానీ అది చాలావరకు కాగితం మీది రద్దే, ఎందుకంటే ఆ ప్రాంతంలో లండన్ మాట కంటే మెకార్తీల మాటే ఎక్కువ చెల్లేది. ఆ తర్వాత కూడా సన్యాసులు అక్కడ కనిపిస్తూనే ఉన్నారు. 1652లో ఇంగ్లండ్ నాయకుడు క్రామ్‌వెల్ సైన్యం వచ్చాకే మఠం నిజంగా పాడుబడింది. కాబట్టి మీ వ్యాసంలో 1541ని 'రద్దు', 1652ని 'వెళ్ళగొట్టడం' అని విడివిడిగా రాయండి.

ఇంకొక్కటి, మీరు ఈ మఠాన్ని 'ఆబీ' (abbey) అని రాశారు. జనం అలాగే పిలుస్తారు గానీ సరైన పేరు 'ఫ్రయరీ' (friary). ఆబీకి ఆబట్ అనే అధిపతి ఉంటాడు, ఫ్రాన్సిస్కన్లకి ఆ పదవే లేదు, వాళ్ళు జనం మధ్య తిరుగుతూ భిక్షతో బతికేవాళ్ళు.

మఠం నడవల మధ్య ఉన్న ఆ పెద్ద యూ (yew) చెట్టు ఫొటో తీసుంటే తప్పకుండా పెట్టండి, నాకు ఆ చోటు ప్రాణం.